సున్నా బై సున్నా వచ్చినప్పుడు ఏం చేయాలి? లోపితాల్ నియమంపై తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేడ మీద సాయంత్రాలు లెక్కల ట్యూషన్ చెబుతాను. అవధుల అధ్యాయం మొదలైతే చాలు, రాత్రి పదకొండింటికి ఫోన్ మోగుతుంది: "మాస్టారూ, ఒక్క డౌటు." ఆ ఒక్క డౌటూ ఏటా అవే పది పదిహేను డౌట్లలో ఒకటి. విడివిడిగా చెప్పి చెప్పి గొంతు పోయి, అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇంటర్ వాళ్ళకీ, బీఎస్సీ మొదటి ఏడాది వాళ్ళకీ పనికొస్తుంది.

ఒక మాట. సూత్రాలను గుర్తుల్లో కాకుండా మాటల్లో రాస్తున్నాను. వాట్సాప్‌లో పంపితే ఘాతాలు కిందికి జారిపోయి, ఎక్స్ వర్గం కాస్తా రెండు ఎక్స్ అయిపోతోంది. పోయినేడాది ఆ దెబ్బకి ముగ్గురు పిల్లలు లేని లెక్క చేసుకొచ్చారు. పక్కన కాగితం పెట్టుకుని మీ గుర్తుల్లో రాసుకుంటూ చదవండి.

సున్నా బై సున్నాకి జవాబు లేదంటారేం? సున్నానో ఒకటో అనుకోవచ్చు కదా?

అనుకోవచ్చు. ఏడనీ అనుకోవచ్చు. చిక్కంతా అదే. ఎక్స్ సున్నాకి దగ్గరవుతుంటే 7ఎక్స్ / ఎక్స్ అవధి (అంటే అది చేరువయ్యే విలువ) 7. ఎక్స్ వర్గం / ఎక్స్ అవధి 0. ఎక్స్ / ఎక్స్ వర్గం అయితే, కుడివైపు నుంచి వస్తుంటే, అంతూ పొంతూ లేకుండా పెరిగిపోతుంది. మూడింటిలోనూ ఎక్స్ చోట సున్నా వేసి చూస్తే కనబడేది ఒకటే, 0/0. ఆ 0/0 ని చూసి లోపల ఏముందో చెప్పలేం. అందుకే పుస్తకాలు దాన్ని అనిర్ధార్య రూపం అంటాయి. మేం మేడ మీద తేలని రూపం అంటాం.

ఇలాంటివి ఏడు: 0/0, అనంతం/అనంతం, సున్నా ఇంటూ అనంతం, అనంతంలోంచి అనంతం తీసివేత, సున్నాకి సున్నా ఘాతం, అనంతానికి సున్నా ఘాతం, ఒకటికి అనంత ఘాతం. చివరిదాన్ని చూసి ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు "ఒకటిని ఎన్నిసార్లు గుణించినా ఒకటే కదా" అంటారు. దాని సంగతి కింద వస్తుంది.

తేలేవాటిని కూడా తేలనివాటిలో కలిపేయకండి. 0/5 అంటే 0. సున్నా బై అనంతం కూడా 0. అనంతం ఇంటూ అనంతం అనంతమే. సున్నాకి అనంత ఘాతం కూడా సున్నాకే పోతుంది, ఆధారం ధనాత్మకంగా ఉంటూ సున్నాకి చేరుతున్నంత వరకు.

ఆ పేరు ఎలా పలకాలి? ఎల్ హాస్పిటలా?

లోపితాల్. ఫ్రెంచి పేరు. పాత రాతలో మధ్యన ఒక ‘ఎస్’ ఉండేది, పలికేవారు కాదు. కొన్ని పుస్తకాల్లో ఇంకా అలాగే అచ్చవుతోంది కాబట్టి మన పిల్లలు హాస్పిటల్ రూల్ అంటారు. మా ఊరి కేజీహెచ్ ఆసుపత్రికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. పరీక్షలో ఎలా రాసినా ఎవరూ మార్కు తగ్గించరు.

నియమం ఒక్క ముక్కలో చెప్పండి.

లవం, హారం రెండూ ఒకే చోట సున్నాకి (లేదా రెండూ అనంతానికి) పోతుంటే, లవం అవకలజాన్ని (అది మారే వేగాన్ని) హారం అవకలజంతో భాగించి దాని అవధి చూడండి. అది తేలితే మొదటి లెక్క అవధీ అదే.

షరతులున్నాయి. ఆ బిందువు చుట్టుపక్కల రెండు ప్రమేయాలకీ అవకలజాలు ఉండాలి. బిందువును పక్కన పెడితే, ఆ దగ్గర్లో హారం అవకలజం సున్నా కాకూడదు. కొత్త నిష్పత్తికి అవధి ఉండాలి, లేదా అది అనంతానికైనా పోవాలి. ఈ మూడో షరతుని నూటికి తొంభై మంది చదవకుండా దాటేస్తారు. దాని కథ వేరే ప్రశ్నలో చెబుతాను.

చిన్న లెక్క: ఎక్స్ 3కి చేరుతుంటే (ఎక్స్ వర్గం − 9) / (ఎక్స్ − 3). పైనా కిందా సున్నా. అవకలనం చేస్తే 2ఎక్స్ / 1, జవాబు 6. కారణాంకాలుగా విడగొట్టినా 6 వస్తుంది. నిజానికి ఇంత చిన్నదానికి ఈ నియమం తీయడం దోసకాయ కోయడానికి కత్తిపీట మానేసి గొడ్డలి తెచ్చుకోవడం లాంటిది.

అసలు ఇది ఎందుకు పనిచేస్తుంది? సూత్రం బట్టీ పట్టాను గానీ బుర్రకెక్కలేదు.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి తెల్లారగట్ల ఎప్పుడైనా వెళ్ళారా? రాత్రంతా సముద్రం మీదున్న మరబోట్లు జెట్టీకి వస్తుంటాయి. రెండు బోట్లు తీసుకుందాం. రెండూ సరిగ్గా ఆరు గంటలకి జెట్టీని తాకుతాయనుకోండి. మొదటిది గంటకి 12 కిలోమీటర్ల వేగం, రెండోది 6.

ఆరింటికి రెండింటికీ మిగిలిన దూరం సున్నా. ఆ క్షణంలో దూరాల నిష్పత్తి ఎంతని అడిగితే 0/0, ఏమీ చెప్పలేం. ఒక్క నిమిషం ముందు చూడండి. మొదటిదానికి ఇంకా 200 మీటర్లుంది, రెండోదానికి 100. నిష్పత్తి 2. ఒక్క సెకను ముందు? మూడు మీటర్ల చిల్లర, ఒకటిన్నర మీటరు చిల్లర. మళ్ళీ 2. ఆ 2 ఎక్కణ్ణుంచి వచ్చింది? వేగాల నిష్పత్తి 12/6 నుంచి. మిగిలిన దూరం ప్రమేయమైతే వేగం దాని అవకలజం. లోపితాల్ చెప్పింది ఇంతే: ఇద్దరూ ఒకేసారి సున్నాకి చేరుతుంటే, చేరే ముందు వాళ్ళ దూరాల నిష్పత్తి చివరి వేగాల నిష్పత్తికి అంటుకుంటుంది.

"బోటు ఒకే వేగంతో రాదు కదా మాస్టారూ, హార్బర్ మూతి దగ్గర తగ్గిస్తారు" అని మొన్న పాత జాలారిపేట నుంచి వచ్చే పిల్లాడు పట్టుకున్నాడు. వాళ్ళ నాన్న బోటు మీద పనిచేస్తాడు, వాడికి తెలియక ఎవరికి తెలుస్తుంది! సరైన ప్రశ్న. దానికి జవాబు కోషీ మధ్యమ మూల్య సిద్ధాంతం. చివరి పది నిమిషాల్లో రెండు బోట్లూ నడిచిన దూరాల నిష్పత్తి, ఆ పది నిమిషాల్లో ఏదో ఒక క్షణంలోని వేగాల నిష్పత్తికి సరిగ్గా సమానం. రెండు బోట్లకీ అదే క్షణం. చివరి ఒక్క నిమిషమే తీసుకుంటే ఆ క్షణం ఆ నిమిషంలోపే ఉంటుంది. చివరి సెకను తీసుకుంటే ఆ సెకనులోపే. మనం ఆరు గంటల వైపు జరిగేకొద్దీ ఆ క్షణానికి తప్పించుకునే చోటు ఉండదు, అదీ ఆరింటికే నెట్టబడుతుంది. కాబట్టి వేగాల నిష్పత్తి ఆ చివర ఒక సంఖ్యకి చేరుతుంటే దూరాల నిష్పత్తి కూడా దానికే చేరక తప్పదు. బీఎస్సీ పుస్తకంలో అరపేజీ ఉండే నిరూపణ ఈ బోట్ల కథే, గుర్తుల్లో.

మొత్తం భిన్నానికి భాగహార సూత్రం వేసి అవకలనం చేయాలా?

వద్దు. లవాన్ని వేరుగా, హారాన్ని వేరుగా. ఒక్కో బోటు వేగం దానిదే. భాగహార సూత్రం వేస్తే నిష్పత్తి ఎంత జోరుగా మారుతోందో వస్తుంది. అది మనకిక్కడ అక్కర్లేదు.

ఒకసారి చేశాక కూడా 0/0 వస్తే?

మళ్ళీ చేయండి. ఎక్స్ సున్నాకి చేరుతుంటే (1 − కాస్ ఎక్స్) / ఎక్స్ వర్గం తీసుకోండి. మొదటిసారి: సైన్ ఎక్స్ / 2ఎక్స్. ఇంకా 0/0. రెండోసారి: కాస్ ఎక్స్ / 2. ఇప్పుడు సున్నా వేస్తే సగం. అయిపోయింది.

బోట్ల భాషలో, రెండూ జెట్టీకి గుద్దుకోకుండా మెల్లగా ఆగాయన్నమాట. తాకే క్షణంలో దూరాలూ సున్నా, వేగాలూ సున్నా. అప్పుడు వేగం ఎంత చొప్పున తగ్గించారో చూస్తాం. ఒకటి సెకనుకి 0.2 మీటర్ల చొప్పున వేగం తగ్గించుకుంటూ, ఇంకోటి 0.1 చొప్పున తగ్గించుకుంటూ వచ్చి ఆగాయనుకుంటే, పది సెకన్ల ముందు వాటి దూరాలు 10 మీటర్లు, 5 మీటర్లు. నిష్పత్తి అదే 2. రెండో అవకలజం చేసే పని అది.

రూపం చూడకుండా నేరుగా అవకలనం చేసేస్తే ఏమవుతుంది?

తప్పు జవాబు వస్తుంది. అదీ చూడ్డానికి చక్కగా, ఆప్షన్లలో ఉండేలా వస్తుంది.

ఎక్స్ సున్నాకి చేరుతుంటే (ఎక్స్ వర్గం + 3ఎక్స్ + 2) / (ఎక్స్ + 1). సున్నా వేస్తే 2/1, జవాబు 2. చూడకుండా నియమం వేస్తే (2ఎక్స్ + 3) / 1, జవాబు 3. పేపరు పెట్టేవాళ్ళకి ఇది బాగా తెలుసు, ఆ 3ని ఆప్షన్లలో ఎక్కడో కూర్చోబెడతారు.

దీనికంటే దొంగది రెండో మెట్టు మీద వస్తుంది. నేను డిగ్రీలో ఉండగా పడ్డ గొయ్యి ఇది, లెక్క ఇప్పటికీ గుర్తుంది. ఎక్స్ ఒకటికి చేరుతుంటే (ఎక్స్ ఘనం − 3ఎక్స్ + 2) / (ఎక్స్ వర్గం − 1). మొదట 0/0, నిజమే. అవకలనం చేశాను: (3 ఎక్స్ వర్గం − 3) / 2ఎక్స్. పైన సున్నా వచ్చింది. కింద ఏముందో చూడకుండా ఊపులో ఇంకోసారి చేసేశాను: 6ఎక్స్ / 2, జవాబు 3 అని గీత గీసి పెట్టాను. నిజానికి రెండో మెట్టు దగ్గర ఉన్నది 0/2. అక్కడే ఆగాలి, జవాబు 0. మాస్టారు పేపరు వెనక్కిస్తూ ఏమీ అనలేదు. ఆ హారం చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఇచ్చారు, అంతే.

అప్పటినుంచి మా పిల్లలకి ఒక అలవాటు నేర్పుతున్నాను. ప్రతి మెట్టు పక్కనా మార్జిన్లో ఆ క్షణాన ఉన్న రూపాన్ని చిన్నగా రాయాలి, 0/0 అని. రాయడానికి 0/0 లేకపోతే చెయ్యి దానంతట అదే ఆగుతుంది.

గుణకారం రూపంలో, తీసివేత రూపంలో ఉంటే నియమం ఎలా వేస్తాం?

ముందు భిన్నం చేయాలి. నియమానికి భిన్నం తప్ప ఇంకోటి ఎక్కదు.

ఎక్స్ కుడివైపు నుంచి సున్నాకి వస్తుంటే ఎక్స్ ఇంటూ లాగ్ ఎక్స్ (ఇక్కడంతా లాగ్ అంటే సహజ లాగరిథమ్). సున్నా ఇంటూ ఋణ అనంతం. ఎవరిని కిందికి పంపాలి? ఎక్స్‌ని పంపండి: లాగ్ ఎక్స్ / (1/ఎక్స్). అవకలజాలు 1/ఎక్స్, −1/ఎక్స్ వర్గం. భాగిస్తే −ఎక్స్, అది సున్నాకి పోతుంది. జవాబు 0.

లాగ్‌ని కిందికి పంపి చూడండి ఒకసారి. ఎక్స్ / (1/లాగ్ ఎక్స్) అవుతుంది. అవకలనం చేస్తే −ఎక్స్ ఇంటూ (లాగ్ ఎక్స్) మొత్తానికి వర్గం మిగులుతుంది. మొదటిదానికంటే ఇదే జటిలం. తప్పేమీ చేయలేదు, కానీ వెనక్కి నడిచాం. అవకలనం చేస్తే ఎవరు సులువవుతారో వాళ్ళని పైన ఉంచాలి. లాగ్ ఎప్పుడూ పైనే బాగుంటుంది.

తీసివేతకి సామాన్య హారం. ఎక్స్ సున్నాకి చేరుతుంటే 1/ఎక్స్ − 1/సైన్ ఎక్స్ అంటే (సైన్ ఎక్స్ − ఎక్స్) / (ఎక్స్ సైన్ ఎక్స్). రెండుసార్లు చేస్తే పైన −సైన్ ఎక్స్, కింద 2 కాస్ ఎక్స్ − ఎక్స్ సైన్ ఎక్స్. సున్నా వేస్తే 0/2. జవాబు 0.

ఒకటికి అనంత ఘాతం ఒకటి కాకుండా ఎలా పోతుంది?

ఇది వడ్డీల ఊళ్ళో అడగాల్సిన ప్రశ్నే. నూరు రూపాయలు ఏడాదికి నూటికి నూరు వడ్డీకి ఇచ్చారనుకోండి. (ఎవరూ ఇవ్వరు, లెక్క కోసం.) ఏడాది చివర ఒకేసారి కడితే 200. ఆర్నెల్లకోసారి వడ్డీని అసలులో కలిపి చక్రవడ్డీ వేస్తే 225. నెలనెలా కలిపితే 261 రూపాయల 30 పైసలు. రోజూ కలిపితే 271 రూపాయల 46 పైసలు. గంటగంటకీ, నిమిషనిమిషానికీ కలుపుకుంటూ పోయినా 271 రూపాయల 83 పైసల దగ్గర ఆగిపోతుంది.

లెక్కలో ఇది (1 + 1/ఎన్) కి ఎన్ ఘాతం, ఎన్ అనంతానికి పోతుంటే. ఆధారం ఒకటి వైపు వస్తోంది కానీ ఎప్పుడూ ఒకటి కాదు, కొంచెం ఎక్కువే. ఘాతమేమో ఆ కొంచేన్ని లెక్కలేనన్నిసార్లు గుణిస్తోంది. ఒకళ్ళు కిందికి లాగుతుంటే ఇంకొకళ్ళు పైకి లాగుతున్నారు. ఎవరి బలం ఎంతో చూస్తే గానీ తేలదు.

చూసే పద్ధతి: లాగ్ తీసుకోండి. ఘాతం కిందికి దిగి గుణకారం అవుతుంది, ఎన్ ఇంటూ లాగ్ (1 + 1/ఎన్). 1/ఎన్‌ని హెచ్ అనుకుంటే ఇది లాగ్ (1 + హెచ్) / హెచ్, హెచ్ సున్నాకి పోతుంటే. 0/0. అవకలనం చేస్తే 1/(1 + హెచ్), అవధి 1.

ఇక్కడ సగం మంది పెన్ను కింద పెట్టేసి జవాబు 1 అంటారు. ఆ 1 లాగ్‌కి వచ్చింది. లాగ్ 1 అయ్యే సంఖ్య 2.71828…, మనం ‘ఈ’ అని పిలిచేది. లాగ్‌లోకి ఎక్కినవాళ్ళు మెట్లు దిగి రావాలి. నూరు రూపాయలు 271.83 దగ్గర ఆగింది అందుకే.

సున్నాకి సున్నా ఘాతానికీ ఇదే దారి. ఎక్స్‌కి ఎక్స్ ఘాతం, కుడి నుంచి సున్నాకి. లాగ్ తీస్తే ఎక్స్ ఇంటూ లాగ్ ఎక్స్, అది 0 అని పైన చూశాం. దిగివస్తే జవాబు 1. క్యాలిక్యులేటర్‌లో వేసి చూడండి: 0.1కి 0.794, 0.01కి 0.955, 0.001కి 0.993. ఒకటి వైపే పోతూ ఉంటుంది.

నియమం చేతులెత్తేసే లెక్కలు ఉంటాయా?

ఉంటాయి, రెండు రకాలు.

మొదటిది చుట్టూ తిప్పేది. ఎక్స్ అనంతానికి పోతుంటే ఎక్స్ / వర్గమూలం (ఎక్స్ వర్గం + 1). అవకలనం చేస్తే అదే భిన్నం తలకిందులై వస్తుంది. ఇంకోసారి చేస్తే మొదటిదే. ఎంతసేపు చేసినా బీచ్ రోడ్డు మీద సాయంత్రం నడక లాగ అటూ ఇటూ తిరగడమే. పైనా కిందా ఎక్స్‌తో భాగించండి, ఒక్క వరుసలో 1 వస్తుంది.

రెండోది ఇంకా రుచికరమైనది. ఎక్స్ అనంతానికి పోతుంటే (ఎక్స్ + సైన్ ఎక్స్) / ఎక్స్. నియమం వేస్తే 1 + కాస్ ఎక్స్ వస్తుంది. అది 0కీ 2కీ మధ్య ఊగుతూనే ఉంటుంది, ఎక్కడా నిలవదు. అయితే అవధి లేదా? ఉంది. సైన్ ఎక్స్ ఎంత ఊగినా ఒకటి దాటదు, దాన్ని పెరిగిపోతున్న ఎక్స్‌తో భాగిస్తే సున్నా. మొత్తం అవధి 1.

మళ్ళీ బోటు ఎక్కండి. సముద్రంలోకి పోతున్న బోటు అలల మీద ఊగుతూ ఒకసారి వేగంగా, ఒకసారి దాదాపు ఆగి వెళ్తోంది. పక్క బోటు నిలకడగా వెళ్తోంది. వేగాల నిష్పత్తి ఎప్పటికీ నిలవదు. కానీ నలభై కిలోమీటర్లు పోయాక దూరాలు కొలిస్తే రెండూ దాదాపు ఒక్కటే. మూడో షరతు అన్నది ఇదే. కొత్త నిష్పత్తికి అవధి ఉంటే పాతదానికీ అదే. కొత్తదానికి లేకపోతే పాతదాని గురించి నియమం నోరు విప్పదు. ‘అవధి లేదు’ అని రాసేయడం మన తొందర, దాని తప్పు కాదు.

సైన్ ఎక్స్ బై ఎక్స్ అవధి 1 అని ఈ నియమంతో నిరూపించవచ్చా?

జవాబు సరిగ్గానే వస్తుంది. నిరూపణ మాత్రం కాదు. సైన్ అవకలజం కాస్ అని మీకెలా తెలిసింది? మొదటి సూత్రం నుంచి తీసినప్పుడు మధ్యలో సైన్ హెచ్ బై హెచ్ అవధి 1 అని వాడుకున్నారు. తాళంచెవి పెట్టెలో పెట్టి తాళం వేసినట్టు. వృత్తం గీసి వైశాల్యాలు పోల్చే పాత నిరూపణ ఇంటర్ పుస్తకంలో ఉన్నది అందుకే. జవాబు సరిచూసుకోవడానికి మాత్రం నిక్షేపంగా వాడుకోండి.

క్యాలిక్యులేటర్‌లో చిన్న సంఖ్య వేసి చూస్తే సరిపోదా?

అంచనాకి బాగుంటుంది. నమ్మకానికి కాదు. (1 − కాస్ ఎక్స్) / ఎక్స్ వర్గంలో 0.1 వేస్తే 0.49958 వస్తుంది, సగానికి దగ్గర. ఇంకా దగ్గరికి పోదామని 0.00000001 వేస్తే 0 చూపిస్తుంది. కాస్ విలువ ఒకటికి అంత దగ్గరైతే తేడా యంత్రం దాచుకునే అంకెల్లో పట్టదు. ఒకటిలోంచి ఒకటి తీసేసి సున్నా అంటుంది పాపం.

ఇంకో ఫోను తరచూ వస్తుంది: "మాస్టారూ, సైన్ ఎక్స్ బై ఎక్స్‌కి నాకు 0.01745 వస్తోంది." క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉంది నాయనా. 180 డిగ్రీలంటే 3.14159 రేడియన్లు, భాగిస్తే ఆ 0.01745. రేడియన్లకి మార్చుకో, పడుకో.

ఇంటర్ పరీక్షలో ఈ నియమం రాస్తే మార్కులిస్తారా?

నా సలహా: అవధుల అధ్యాయం ప్రశ్నకి అవధుల పద్ధతులతోనే రాయండి. పుస్తకంలో అవధులు ముందు, అవకలనం తర్వాత. ఆ క్రమంలో దిద్దేవారు మెట్లకి మార్కులు వేసుకుంటూ వస్తారు. నియమంతో జవాబు ముందే రఫ్ పేజీలో తెలుసుకుని, తర్వాత మెట్లన్నీ అటు నడిపించండి. గమ్యం తెలిసినవాడికి దారి తప్పదు.

ఎంసెట్ సంగతి వేరు. (ఇప్పుడు ఈఏపీసెట్. మా నోటికి ఇంకా ఎంసెట్టే.) మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో లెక్కలవి 80. ప్రశ్నకి నిమిషం చిల్లర. అక్కడ మెట్లు ఎవరూ చూడరు, నియమం ధారాళంగా వాడండి.

అయినా అన్నిటికీ అదే వాడకండి. ఎక్స్ సున్నాకి చేరుతుంటే (టాన్ ఎక్స్ − సైన్ ఎక్స్) / ఎక్స్ ఘనం చూడండి. నియమం మూడుసార్లు వేయాలి, టాన్ అవకలజాలు మూడో మెట్టుకి చింపిరి జుట్టు అవుతాయి. శ్రేణులు తెలిస్తే టాన్ అంటే ఎక్స్ + ఎక్స్ ఘనం/3 + …, సైన్ అంటే ఎక్స్ − ఎక్స్ ఘనం/6 + …. తీసేస్తే ఎక్స్ ఘనం/2. జవాబు సగం, పదిహేను సెకన్లు. ఆ సైన్ శ్రేణి కేరళలో సంగమగ్రామ మాధవుడి పేరు మీద ఉన్నది. ఆయన పద్నాలుగో శతాబ్దం మనిషి, అంటే ఐరోపాలో కలనగణితం పుట్టకముందే.

ఎన్ అనంతానికి పోయే అనుక్రమాలకి వాడొచ్చా?

ఎన్ 1, 2, 3 అని గెంతుతుంది, గెంతేదానికి అవకలజం ఉండదు. ఎన్ చోట నిరంతరంగా కదిలే ఎక్స్ పెట్టి అవధి తీయండి, దొరికితే అనుక్రమానికీ అదే. ఎన్ ఫాక్టోరియల్ ఉంటే ఈ దారి మూసుకున్నట్టే.

ఎక్స్‌కి నూరో ఘాతం పెద్దదా, ‘ఈ’ కి ఎక్స్ ఘాతం పెద్దదా?

చివరికి గెలిచేది రెండోదే. మొదటిదాన్ని రెండోదానితో భాగించి నూరుసార్లు అవకలనం చేయండి. పైన నూరు ఫాక్టోరియల్ అనే ఒక స్థిరసంఖ్య మిగులుతుంది, పెద్దదే, కానీ కదలదు. కింద ‘ఈ’ కి ఎక్స్ ఘాతం చెక్కుచెదరలేదు, పెరుగుతూనే ఉంది. అవధి 0. నూరుసార్లు నిజంగా చేయమని కాదు, ఏమవుతుందో కళ్ళకి కనబడితే చాలు.

దీన్ని కనిపెట్టింది లోపితాలేనా?

కాదనే చెప్పాలి. గియోమ్ ద లోపితాల్ (1661–1704) ఫ్రాన్సులో ఒక మార్క్వీ, డబ్బున్న ప్రభువు, లెక్కలంటే నిజమైన ప్రేమ. స్విట్జర్లాండులోని బాసెల్ నుంచి వచ్చిన యోహాన్ బెర్నూలీ అనే కుర్రాడి దగ్గర కొత్తగా పుట్టిన కలనగణితం పాఠాలు చెప్పించుకున్నాడు. 1694లో ఉత్తరం రాశాడు: ఏడాదికి 300 లివర్లు (అప్పటి ఫ్రెంచి డబ్బు) ఇస్తాను, నువ్వు కనిపెట్టినవి నాకు చెప్పు, ఇంకెవరికీ చెప్పకు. బెర్నూలీకి ఇంకా స్థిరమైన ఉద్యోగం లేదు. ఒప్పుకున్నాడు.

1696లో లోపితాల్ పుస్తకం వచ్చింది, అవకలనం మీద అచ్చయిన మొట్టమొదటి పాఠ్యపుస్తకం. 0/0 నియమం అందులో ఉంది. ముందుమాటలో బెర్నూలీ సోదరులకి, కలనగణితం కనిపెట్టినవాళ్ళలో ఒకడైన లైబ్నిట్స్‌కి రుణపడి ఉన్నానని రాశాడు కానీ ఏది ఎవరిదో విప్పలేదు. లోపితాల్ పోయాక బెర్నూలీ ఈ నియమం నాదని బయటికి అన్నాడు, పెద్దగా ఎవరూ నమ్మలేదు. అతని పాఠాల రాతప్రతి 1921లో బాసెల్‌లో దొరికాక గానీ సంగతి తేలలేదు. రెండు వందల ఏళ్ళు పైచిలుకు.

లోపితాల్‌ని దొంగ అనను. డబ్బిచ్చాడు, చెప్పి కొనుక్కున్నాడు, పుస్తకం బాగా రాశాడు. ట్యూషన్ మాస్టారుగా నా సానుభూతి మాత్రం ఎటుందో మీరే ఊహించుకోండి.

మనవాళ్ళు సున్నాతో భాగహారం గురించి ఏమన్నారు?

బ్రహ్మగుప్తుడు 628లో సున్నా బై సున్నా సున్నా అన్నాడు. అది నిలవలేదు. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో ఇంకాస్త లోతుగా చూశాడు. ఒక రాశిని సున్నాతో గుణించాల్సి వచ్చి, ముందుముందు సున్నాతో భాగించే పనీ ఉంటే, తొందరపడి సున్నా అనేయకు, అలాగే ఉంచు, చివర్లో ఆ రాశి మార్పు లేకుండా వస్తుంది అన్నాడు. అవధి అన్న భావన ఆయన దగ్గర లేదు, ఉందని సాగదీయను. కానీ 7ఎక్స్ / ఎక్స్‌లో మనం చేసేది చూడండి, సున్నా వేయడం ఆపి ముందు ఎక్స్‌ని కొట్టేస్తాం.

ఇంటి దగ్గర చేసుకోవడానికి లెక్కలివ్వండి.

ఎక్స్ సున్నాకి: (ఎక్స్ − సైన్ ఎక్స్) / ఎక్స్ ఘనం. మూడు మెట్లు, జవాబు 1/6. మార్జిన్లో రూపం రాయడం మరవకండి.

ఎన్ అనంతానికి: (1 + 2/ఎన్) కి ఎన్ ఘాతం. జవాబు ‘ఈ’ వర్గం. 2 అని వస్తే మీరింకా లాగ్ మేడ మీదే ఉన్నారు.

ఎక్స్ అనంతానికి: (2ఎక్స్ + కాస్ ఎక్స్) / ఎక్స్. జవాబు 2. నియమంతో రాదు, ప్రయత్నించి చూసి మానుకోండి.

చివరిది 1696 నాటి ఆ పుస్తకంలో నియమానికి ఇచ్చిన ఉదాహరణే. అక్కడ ‘ఏ’ అనే స్థిరరాశితో ఉంది, దాన్ని 1 చేసి ఇస్తున్నాను. ఎక్స్ ఒకటికి చేరుతుంటే: పైన, (2ఎక్స్ − ఎక్స్ నాలుగో ఘాతం) వర్గమూలం లోంచి ఎక్స్ ఘనమూలం తీసివేత. కింద, 1 లోంచి ఎక్స్ ఘనం యొక్క నాలుగో మూలం తీసివేత. కారణాంకాలకి లొంగదు, కంగారు పడకండి. పైదాని అవకలజం ఎక్స్ 1 దగ్గర −1 − 1/3, అంటే −4/3. కిందిది −3/4. భాగిస్తే 16/9. మొన్నటి బ్యాచ్‌లో ఇద్దరికి −16/9 వచ్చింది. హారంలో 1 ముందుంది, ఎక్స్ వెనకుంది, ఆ ఋణగుర్తుని మింగేశారు.